అవతలి మనిషికి బొమ్మ కనబడదు

కెనడాలో మన ఇళ్లలో పర్మనెంట్ రెసిడెన్సీ మాట రాగానే ముందు ఆయన ఇంగ్లీషు పరీక్షకి తేదీ బుక్ అవుతుంది. ఆమెది "తర్వాత చూద్దాంలే" దగ్గర ఆగిపోతుంది. పిల్లల స్కూలు, వంట, చలికాలం జలుబులు, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు... ఆ "తర్వాత" ఆరు నెలలవుతుంది, ఏడాదవుతుంది. చివరికి ఒక రాత్రి ఆయన లాప్‌టాప్ ముందు కూర్చుని లెక్కలు వేసి, "నువ్వు కూడా రాస్తే ఇంకొన్ని పాయింట్లు కలుస్తాయి" అంటారు. అక్కడ మొదలవుతుంది హడావిడి.

ఆ కొన్ని పాయింట్లు ఎన్నో ముందు తెలుసుకుందాం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మొత్తం 1200 పాయింట్లు. భార్యాభర్తలు కలిసి దరఖాస్తు చేస్తే, ప్రధాన దరఖాస్తుదారు కానివాళ్ల ఇంగ్లీషుకి అందులో 20 దాకా ఉంటాయి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదానికి 5. కెనడా వాళ్ల భాషా కొలమానం సీఎల్‌బీలో 9 లేదా ఆపైన వస్తే 5 పాయింట్లు. 7, 8 అయితే 3. 5, 6 అయితే 1. 4 లేదా అంతకన్నా తక్కువైతే సున్నా. కటాఫ్ దగ్గర రెండు మూడు పాయింట్లతో ఆగిపోయిన ఇంటివాళ్లకి ఈ 20 విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఇద్దరిలో ప్రధాన దరఖాస్తుదారు ఎవరన్నది మనమే ఎంచుకోవచ్చు. చదువు, వయసు, ఇంగ్లీషు అన్నీ లెక్కేసినప్పుడు ఆమె పేరుతోనే ఎక్కువ పాయింట్లు వచ్చే ఇళ్లు లేకపోలేదు. కానీ ఆమె పరీక్షే రాయకపోతే ఆ లెక్క ఎవరూ వేయరు. అందుకే ఈ పరీక్షని "ఆయన ఫైలుకి సాయం" అనుకోకండి. అది మీ ఫైలు కూడా.

కెనడా ఇమిగ్రేషన్‌కి ఐఎల్‌టీఎస్ జనరల్, సెల్‌పిప్ జనరల్, పీటీఈ కోర్, ఈ మూడిట్లో ఏది రాసినా చెల్లుతుంది. వీటిలో సెల్‌పిప్ రాసేవాళ్లకి ఎదురయ్యే ఒక చిక్కు గురించి ఈసారి. మాట్లాడే విభాగంలో బొమ్మ చూపించి "చెప్పండి" అంటారే, అది. వంటింట్లో గంటల తరబడి కబుర్లు చెప్పేవాళ్లు కూడా ఈ ఒక్క నిమిషం దగ్గర బిగుసుకుపోతారు.

ఏముంటుంది ఆ బొమ్మలో

సెల్‌పిప్ స్పీకింగ్‌లో మొత్తం 8 టాస్కులు. మనిషి ఎదురుగా ఉండరు. హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్‌తో మాట్లాడాలి. మన గొంతు రికార్డవుతుంది, తర్వాత మనుషులు విని మార్కులు వేస్తారు. 3, 4, 8 టాస్కులు పూర్తిగా బొమ్మ మీదే నడుస్తాయి. మూడోదానిలో ఒక దృశ్యం వర్ణించాలి. నాలుగోదానిలో అదే బొమ్మలో తర్వాత ఏం జరుగుతుందో ఊహించాలి. ఎనిమిదోదానిలో ఒక వింత వస్తువో, వింత సందర్భమో చూసి ఫోన్‌లో ఎవరికో చెబుతున్నట్టు చెప్పాలి. మూడిటికీ ఆలోచించుకోవడానికి 30 సెకన్లు, మాట్లాడడానికి 60 సెకన్లు.

పౌరసత్వం కోసం వినడం, మాట్లాడడం మాత్రమే ఉండే సెల్‌పిప్ జనరల్ ఎల్‌ఎస్ రాసేవాళ్లకి కూడా ఈ టాస్కులు తప్పవు. 18 నుంచి 54 ఏళ్ల లోపు వాళ్లు సీఎల్‌బీ 4 చూపించాలి కాబట్టి, పీఆర్ వచ్చేసింది కదా అని ఊపిరి పీల్చుకున్నవాళ్లు కూడా ఇది చదవచ్చు.

మూడో టాస్కు ప్రశ్నలో ఒక వాక్యం ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. మీరు ఎవరితో మాట్లాడుతున్నారో ఆ మనిషికి ఈ బొమ్మ కనబడదు అని దాని అర్థం. నా లెక్కలో ఈ టాస్కుకి కావలసిన కోచింగ్ అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. మీ ఇంగ్లీషు ఎంత గొప్పగా ఉందో చూపించమని అడగడం లేదు. చూడలేని మనిషికి కనిపించేలా చెప్పమని అడుగుతున్నారు.

ఆలోచిస్తే మన ఆడవాళ్లకి ఇది కొత్త విద్య కాదు. కాలింగ్ కార్డుల కాలంలో అమెరికాకో, దుబాయికో వచ్చినవాళ్లు, కార్డులో నిమిషాలు కరిగిపోతుంటే, పుట్టిన బిడ్డ ముక్కు ఎవరి పోలికో, కొత్త ఇంట్లో పొయ్యి ఏ గోడకి ఉందో, మంచు పడితే చెట్లు ఎలా ఉన్నాయో అమ్మకి మాటలతోనే చూపించారు. ఇప్పుడు "ఇదిగో చూడమ్మా" అని కెమెరా తిప్పుతున్నాం. మాటల్లో చూపించే అవసరం పోయింది, దాంతో అలవాటూ పోయింది. పరీక్ష ఆ పాత అలవాటునే తిరిగి అడుగుతోంది, ఇంగ్లీషులో.

ముందు చుక్కలు, తర్వాత గీతలు

30 సెకన్లలో వాక్యాలు తయారు చేసుకోవాలని చూడకండి. రెండు వాక్యాలు అల్లేసరికి టైము అయిపోతుంది, మిగతా బొమ్మ చూడనే చూడరు. ముగ్గు ఎలా వేస్తాం? ముందు చుక్కలు పెట్టుకుంటాం. ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు అన్నది తేలాక గీత దానంతట అదే నడుస్తుంది. ఇక్కడా అంతే.

మొదటి చుక్క, ఇది ఏ చోటు. పార్కా, ఎయిర్‌పోర్టా, దుకాణమా. తర్వాత నాలుగు చుక్కలు, బొమ్మలో ముఖ్యమైన నలుగురు మనుషులు లేదా నాలుగు గుంపులు. ఒక్కొక్కరికీ మూడు సంగతులు పట్టుకోండి. ఎక్కడ ఉన్నారు, ఎలా ఉన్నారు, ఏం చేస్తున్నారు. చివరి చుక్క, వెనకాల కనిపించేది. కిటికీ బయట వాన, గోడ మీద గడియారం, అలాంటిది ఏదైనా.

ఏ వరసలో చెబుతారో కూడా అప్పుడే తేల్చుకోండి. ఎడమ నుంచి కుడికి, లేదా ముందు నుంచి వెనక్కి. ఏదైనా ఒకటే దారి. ఎడమ మూల పిల్లాణ్ణి చెప్పి, కుడి మూల ముసలాయన దగ్గరికి దూకి, మళ్లీ ఎడమకి వస్తే వినే మనిషి తలలో బొమ్మ చెదిరిపోతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. బొమ్మలో సూపర్ మార్కెట్ ఉంది. ఎడమ పక్క ఎర్ర జాకెట్ పిల్లవాడు మునివేళ్ల మీద నిలబడి, గోపురంలా పేర్చిన డబ్బాల మధ్య నుంచి ఒక డబ్బా లాగుతున్నాడు. అతని వెనకాలే తల్లి, స్ట్రోలర్ మీద ఒక చెయ్యి వేసి, ఫోన్‌లో మాట్లాడుతోంది. మధ్యలో ఒక పనివాడు నేల తుడుస్తున్నాడు, పక్కన పసుపు రంగు హెచ్చరిక బోర్డు. కుడి పక్క కౌంటర్ దగ్గర చేతికర్ర పట్టుకున్న పెద్దాయన చిల్లర లెక్కపెడుతున్నారు. ఆయన వెనక క్యూలో ఒకావిడ వాచీ చూసుకుంటోంది.

దీన్ని చాలామంది ఇలా చెబుతారు. "ఇన్ దిస్ పిక్చర్ ఐ కెన్ సీ మెనీ పీపుల్. వన్ బాయ్ ఈజ్ దేర్. వన్ లేడీ ఈజ్ దేర్. వన్ ఓల్డ్ మ్యాన్ ఈజ్ దేర్." ఇది ఇంటికొచ్చిన చుట్టాల లెక్క చెప్పినట్టుంది. మనుషులు వచ్చారు గానీ ఎవరెక్కడ ఉన్నారో, ఏం చేస్తున్నారో తెలియలేదు.

దీన్నే ఇలా చెప్పి చూడండి. "ఆన్ ద లెఫ్ట్, ఏ లిటిల్ బాయ్ ఇన్ ఏ రెడ్ జాకెట్ ఈజ్ స్టాండింగ్ ఆన్ హిజ్ టోజ్. హీ ఈజ్ ట్రయింగ్ టు పుల్ ఏ కేన్ ఫ్రమ్ ద మిడిల్ ఆఫ్ ఏ టాల్ పైల్." ఇందులో కష్టమైన మాట ఒక్కటి కూడా లేదు. కానీ చోటు వచ్చింది, రంగు వచ్చింది, ఒంటి భంగిమ వచ్చింది, చేసే పని వచ్చింది. కాగితం, పెన్సిలు ఇస్తే వినేవాళ్లు గీసేస్తారు. అలాంటి రెండు వాక్యాలు ఒక్కో మనిషికి చొప్పున నలుగురికి చెబితే 60 సెకన్లు నిండుతాయి.

మార్కులు వేసేవాళ్లు చూసేవి నాలుగు. చెప్పిన విషయం, అది ఒక వరసలో అతుక్కుని ఉందా అన్నది. మాటల ఎంపిక. వినడానికి తేలిగ్గా ఉందా. అడిగిన పని చేశారా. అంత పొడుగు జాబితాలో "అమెరికన్ యాస" అన్నది ఎక్కడా లేదు. కాబట్టి గొంతు మార్చుకోవద్దు. నోరు తిప్పి మాట్లాడబోతే మాటే జారిపోతుంది.

తెలుగు నుంచి కాలు జారే చోట్లు

మన తప్పులు చాలావరకు ఇంగ్లీషు రాక వచ్చేవి కావు. తెలుగు బాగా వచ్చు కాబట్టి వచ్చేవి. ఎక్కడ జారతామో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటిది, కూర్చుంది అన్న మాట. "ఒకావిడ బెంచీ మీద కూర్చుంది, నీలం చీర కట్టుకుంది, చేతిలో సంచీ పట్టుకుంది." తెలుగులో ఇదంతా ఇప్పుడు కళ్లముందు కనిపిస్తున్న సంగతే. కానీ క్రియ చూస్తే జరిగిపోయిన కాలంలా ఉంటుంది. అదే అచ్చులో ఇంగ్లీషులోకి దిగితే "షీ శాట్, షీ వోర్, షీ హెల్డ్" అవుతుంది. ఇంగ్లీషులో బొమ్మ ఎప్పుడూ ఇప్పుడే జరుగుతోంది. షీ ఈజ్ సిట్టింగ్, షీ ఈజ్ వేరింగ్, షీ ఈజ్ హోల్డింగ్. కూర్చోవడం, నిలబడడం, కట్టుకోవడం, పట్టుకోవడం, ఆనుకోవడం, ఈ అయిదు పనులు ప్రతి బొమ్మలోనూ ఉంటాయి. ఈ అయిదిటినీ "ఈజ్"తో కలిపి నోటికి అలవాటు చేసుకుంటే చాలా తప్పులు ఒక్కసారిగా తగ్గుతాయి.

రెండోది, మర్యాద. పెద్దాయన్ని మనం "ఆయన చిల్లర లెక్కపెడుతున్నారు" అంటాం. ఆ "రు" ఇంగ్లీషులోకి వచ్చేసరికి "దే ఆర్ కౌంటింగ్" అయిపోతుంది. విన్నవాళ్లు ఇద్దరు ముసలివాళ్లని గీసుకుంటారు. ఇంగ్లీషులో ఒక్క మనిషైతే ఎంత పెద్దవారైనా "హీ", "షీ" మాత్రమే. అందులో అమర్యాద ఏమీ లేదు.

మూడోది, చెప్పకుండా వదిలేసే మనిషి. తెలుగులో "పిల్లాడున్నాడు. డబ్బా లాగుతున్నాడు. ఎర్ర జాకెట్ వేసుకున్నాడు" అంటే ఎవరో తెలిసిపోతుంది, క్రియే చెబుతుంది. ఇంగ్లీషులో ప్రతి వాక్యానికీ తల ఉండాలి. "ఈజ్ పుల్లింగ్ ద కేన్" అని మొదలుపెడితే ఎవరు లాగుతున్నారన్నది గాలిలో ఉంటుంది. అలాగే మొదటిసారి చెప్పినప్పుడు "ఏ బాయ్", తర్వాత అతని గురించే మాట్లాడుతుంటే "ద బాయ్". మనం "ఒక పిల్లాడు", ఆ తర్వాత "ఆ పిల్లాడు" అంటాం కదా, అదే వరస.

నాలుగోది, మీద. బల్ల మీద గ్లాసు, తల మీద ఫ్యాను, వంతెన మీద నుంచి పోయే విమానం, అన్నిటికీ మనకి ఒకే "మీద". ఇంగ్లీషులో గ్లాసుకి "ఆన్", ఫ్యానుకి "అబవ్", విమానానికి "ఓవర్". దగ్గర, పక్కన, మధ్యలో, వెనక, ఎదురుగా, ఈ చోట్ల మాటల్ని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. బొమ్మ వర్ణనకి వీటికన్నా అక్కరకొచ్చే మాటలు లేవు.

అయిదోది, చేతులు. మనం చెయ్యి చూపకుండా మాట్లాడలేం. "ఇక్కడ", "ఇటు పక్క", "ఇలా పట్టుకుని" అంటూ చేత్తో సైగ చేస్తాం. ఇంగ్లీషులోనూ "హియర్", "దిస్ సైడ్", "లైక్ దిస్" వచ్చేస్తాయి. మైకుకి మన చెయ్యి కనబడదు. ఆ మూడు మాటలూ నోట్లోంచి రాకుండా సాధన చెయ్యండి.

చివరగా శబ్దం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనం బస్‌ని బస్సు చేస్తాం, కప్‌ని కప్పు చేస్తాం. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఆ తోకని కత్తిరించాలి. పైగా భయం వేస్తే మనకి వేగం పెరుగుతుంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య చిన్న ఊపిరి తీసుకోండి. అదే సగం స్పష్టత.

పడతాయా, పడబోతున్నాయా

నాలుగో టాస్కుకి వస్తే అదే బొమ్మ, కానీ ఇప్పుడు తర్వాతి నిమిషంలో ఏమవుతుందో చెప్పాలి. ఇక్కడా తెలుగు కాలు పట్టుకుంటుంది. "వాడు రోజూ వస్తాడు", "వాడు రేపు వస్తాడు", రెండిటికీ మనకి ఒకే "వస్తాడు". అందుకే "డబ్బాలు పడతాయి" అన్నదాన్ని "ద కేన్స్ ఫాల్" అనేస్తాం. ఇంగ్లీషులో రేపటికి వేరే మాట పెట్టాలి. "ద కేన్స్ విల్ ఫాల్", "ద కేన్స్ ఆర్ గోయింగ్ టు ఫాల్".

మనకి "పడేలా ఉన్నాయి" అన్న చక్కటి మాట ఉంది. దానికి ఇంగ్లీషులో జోడీ "ఆర్ అబౌట్ టు ఫాల్". అంత గట్టిగా చెప్పలేనప్పుడు "మైట్", "ప్రాబబ్లీ" వాడండి. పెద్దాయనకి చిల్లర తక్కువైతే వెనకావిడ ఇవ్వొచ్చేమో, "షీ మైట్ హెల్ప్ హిమ్ పే". అన్నీ "విల్"తో నింపేస్తే జోస్యం చెప్పినట్టుంటుంది.

ప్రతి ఊహకీ కారణం కలపండి. డబ్బాలు ఎందుకు పడతాయి? పిల్లవాడు మధ్యలోది లాగుతున్నాడు కాబట్టి. పడ్డాక ఏమవుతుంది? తల్లి ఉలిక్కిపడి ఫోన్ పెట్టేస్తుంది, స్ట్రోలర్‌లో పాప ఏడుపు అందుకుంటుంది, నేల తుడిచే అతనికి మళ్లీ పని పడుతుంది. నలుగురు మనుషులకి నాలుగు "తర్వాత"లు, ఒక్కోదానికి ఒక "బికాజ్". టైము చాలడం లేదు అంటారు గానీ మిగిలిపోవడం ఉండదు.

కత్తిపీటని ఇంగ్లీషులో చెప్పండి చూద్దాం

ఎనిమిదో టాస్కులో కనిపించేది పేరు లేని వస్తువు అయ్యుండొచ్చు. బూటు ఆకారంలో సోఫా, చెట్టులా కొమ్మలున్న పుస్తకాల అర, అలాంటివి. మాట రాదు కాబట్టి చాలామంది నోరు మూసుకుంటారు. కానీ ఈ టాస్కు చూసేది మాట రానప్పుడు ఏం చేస్తారనే.

దీనికి మన వంటింటికన్నా మంచి బడి లేదు. కత్తిపీట తీసుకోండి. పక్కింటి కెనడా ఆవిడకి ఫోన్‌లో దాని గురించి చెప్పాలనుకోండి. ఏ పనికి వాడతారు, కూరగాయలు తరగడానికి. దేనితో చేశారు, చెక్క పీట, ఇనుప కత్తి. ఎలా ఉంటుంది, పీట బల్లపరుపుగా, కత్తి పైకి లేచి వంపు తిరిగి. ఎలా వాడతారు, నేల మీద కూర్చుని, పీటని కాలితో అదిమిపెట్టి, కూరగాయనే కత్తి దగ్గరికి తెస్తాం. ఆవిడకి తెలిసిన దేనిలా ఉంటుంది, చిన్న చెక్క పలకకి నిలబెట్టిన కొడవలిలా.

పని, సరుకు, ఆకారం, కొలత, పోలిక. ఈ అయిదూ చెప్పగలిగితే ప్రపంచంలో ఏ వింత వస్తువునైనా చెప్పొచ్చు. రోజుకొక వస్తువు పెట్టుకోండి. జంతికల గొట్టం, ఇడ్లీ రేకులు, రుబ్బురోలు, కుంకుమ భరిణె. వారం తిరిగేసరికి మాట దొరకనప్పుడు వచ్చే ఆ బెదురు తగ్గుతుంది. మాప్ అన్న మాట గుర్తు రాకపోతే "నేల తుడవడానికి వాడే పొడుగు కర్ర" అనడం వస్తుంది. స్ట్రోలర్ గుర్తు రాకపోతే "పాపని కూర్చోబెట్టి తోసే చక్రాల బండి" అనడం వస్తుంది. ఆగిపోవడం కన్నా చుట్టు తిరిగి చెప్పడం ఎప్పుడూ మేలు.

రెండు వారాల సాధన

డబ్బు ఖర్చు పెట్టే ముందు సెల్‌పిప్ వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరికే నమూనా పరీక్ష ఒకసారి చెయ్యండి. గడియారం తిరుగుతుంటే మాట్లాడడం ఎలా ఉంటుందో ఒంటికి తెలియాలి.

ఆ తర్వాత పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి పిల్లల బొమ్మల పుస్తకాలు తెచ్చుకోండి, నిండా మనుషులతో ఒక్కో పేజీలో పది పనులు జరుగుతుండేవి. వాటికన్నా మంచి నమూనాలు ఉండవు, పైగా పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు సాధన. ఇదే పరీక్ష కోసం తయారవుతున్న స్నేహితురాలికి ఫోన్ చెయ్యండి. వీడియో కాదు, మామూలు ఫోన్. మీరు బొమ్మ చూస్తూ 60 సెకన్లు ఇంగ్లీషులో చెప్పండి. ఆమె విన్నది విన్నట్టు కాగితం మీద గీయాలి. బొమ్మలు గీయడం రాకపోయినా ఫర్వాలేదు, పుల్ల మనుషులు చాలు. తర్వాత ఆ కాగితం ఫొటో తీసి పంపమనండి. మీ బొమ్మలో కుడి పక్కన ఉన్న పెద్దాయన ఆమె కాగితం మీద ఎడమన ఉన్నాడా? చేతికర్ర మాయమైందా? తల్లి ఎక్కడా లేదా? ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేనంత సూటిగా మీ లోపం మీ కళ్ల ముందుంటుంది. తర్వాత ఆమె చెబుతుంది, మీరు గీస్తారు. రోజుకి రెండు బొమ్మలు, 15 నిమిషాల పని.

ఎవరూ దొరకని రోజు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మన గొంతు మనమే వినడం మొదట ఇబ్బందిగా ఉంటుంది. అయినా ఒకసారి వినాలి. ఒక్కోసారి ఒక్కటే చూసుకోండి. ఈరోజు "ఈజ్" పడిందా లేదా. రేపు చోట్ల మాటలు. ఎల్లుండి వేగం. అన్నీ ఒకేసారి దిద్దుకోబోతే నోరు లేవదు.

ఇంట్లో ఒక మాట కూడా చెప్పి పెట్టాలి. పిల్లలు అమ్మ ఉచ్చారణ చూసి నవ్వుతారు. వాళ్లది సరదాయే, కానీ ఆ నవ్వుకే చాలామంది ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడడం మానేశారు. పదేళ్ల కింద ఎమ్మెస్సీ క్లాసులో సెమినార్ ఇచ్చిన అమ్మాయి ఇవాళ ఇంట్లోనే నోరు విప్పలేకపోవడానికి కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదు. అందుకే పిల్లల చేతికి పెన్సిలు ఇవ్వండి. మీరు చెబుతుంటే వాళ్లు గీస్తారు, దిద్దరు. ఆయనకి అప్పగించాల్సింది గడియారం. 30 సెకన్లు, 60 సెకన్లు చూసి చెప్పడం ఆయన పని, మధ్యలో అందించడం కాదు.

ఇక బట్టీ జవాబుల సంగతి. అమీర్‌పేట నుంచి బ్రాంప్టన్ దాకా వాట్సాప్‌లో తిరిగే రెడీమేడ్ వాక్యాలు మీకూ వచ్చే ఉంటాయి. మొదటి వాక్యం ఒకటి సిద్ధంగా ఉంచుకోవడంలో తప్పు లేదు, గొంతు తెరుచుకుంటుంది. కానీ "ఓవరాల్, దిస్ ఈజ్ ఏ వెరీ బ్యూటిఫుల్ అండ్ ఇన్ఫర్మేటివ్ పిక్చర్" లాంటిది ఏ బొమ్మకైనా అతుకుతుంది, అంటే ఏ బొమ్మనీ చూపించదు. ఆ ఎనిమిది సెకన్లలో వాచీ చూసుకుంటున్న ఆవిడ గురించి చెప్పొచ్చు.

ఇతర దేశాల వాళ్లకి ఒక మాట. ఆస్ట్రేలియాకోసం పీటీఈ అకడమిక్ రాసేవాళ్లకి కూడా బొమ్మ ఉంటుంది. 25 సెకన్లు చూసి 40 సెకన్లు మాట్లాడాలి. అక్కడ ఎక్కువగా గ్రాఫులు, చార్టులు, మ్యాపులు. మనుషులకి బదులు అంకెలు, అంతే. అన్నిటికన్నా పెద్దది ఏది, చిన్నది ఏది, పెరిగింది ఏది, తగ్గింది ఏది, ఆ నాలుగే చుక్కలు. ఐఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో బొమ్మ ఉండదు, ఎదురుగా మనిషి ఉంటారు.

పరీక్ష గదిలో

ఆ రోజు కొత్తగా అనిపించేది ఒకటుంది. గదిలో మీతో పాటు ఇంకా చాలామంది ఉంటారు, అందరూ దాదాపు ఒకేసారి మాట్లాడడం మొదలుపెడతారు. పక్క కుర్చీలో ఎవరో గలగలా చెప్పేస్తుంటే "నాకు రావడం లేదు" అనిపిస్తుంది. దానికీ సాధన ఉంది. టీవీ నడుస్తుండగా, కుక్కర్ కూస్తుండగా చెప్పండి. మన ఇళ్లలో ఆ వాతావరణానికి కొరత లేదు.

టైమర్ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. 40 సెకన్లకే అయిపోయిందనుకుంటే ఊరుకోకండి, వెనకాల కిటికీ ఉంది, గోడ ఉంది, మనుషుల ముఖాల్లో విసుగో సంతోషమో ఉంది. తప్పు మాట పడితే ఒకసారి సరిచేసి ముందుకు వెళ్లండి, వెనక్కి తిరిగి మొత్తం మళ్లీ మొదలుపెట్టకండి. కొత్త టాస్కు తెర మీదకి వచ్చాక పాతదాని గురించి తలుచుకోవద్దు.

మాట్లాడడం మొదలుపెట్టే ముందు కళ్ల ముందు ఒక్క మనిషిని పెట్టుకోండి. అక్కో, స్నేహితురాలో, ఎవరైనా సరే, ఫోన్ చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఊఁ, చెప్పు" అంటున్న మనిషి. ఆమెకి ఏం కనబడాలో అదే చెప్పండి. తెరకి కాకుండా మనిషికి చెబుతున్నప్పుడు మాట దానంతట అదే నెమ్మదిస్తుంది, వరసలో పడుతుంది.

ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. కాబట్టి ఆయన ఫైలు కదిలేదాకా ఆగక్కర్లేదు. ఈ వారంలో తేదీ చూసుకోండి, ఈ సాయంత్రమే ఒక స్నేహితురాలికి మామూలు ఫోన్ చేసి, కాగితం పెన్సిలు తెచ్చుకోమనండి.

వచ్చే నెల అయిదో టాస్కు గురించి. రెండు వస్తువుల్లో ఒకటి ఎంచుకుని, అదే మంచిదని అవతలివాళ్లని ఒప్పించడం. చీరల కొట్లో మనం రోజూ చేసే పనే.